అన్నయ్య మెచ్చిన బండి

"మూడు చక్రాలేంటన్నయ్యా? ఇది కొండెక్కుతుందా అసలు?" తమ్ముడు నవ్వుతూ ఎర్రబండి చుట్టూ తిరిగాడు.

"నీకేం తెలుసురా? తేలిక బండి. ఇరుకుదారిలో చేపపిల్లలా జారిపోతుంది" అన్నాడు అన్న.

పాత బండ్ల వ్యాపారి షెడ్డులో రాళ్లూ గుట్టలూ ఎక్కే ఏటీవీలు రెండే మిగిలాయి. ఒకటి నాలుగు చక్రాలది. రంగు వెలిసి, సీటు చిరిగి, ముసలి గేదెలా నేలకి అతుక్కుని ఉంది. రెండోదానికి ముందొక చక్రం, వెనక రెండు. అద్దంలా మెరిసిపోతోంది.

అన్న మెకానిక్. చుట్టుపక్కల ఏ ఇంజను దగ్గినా ముందు అతని దగ్గరికే వస్తుంది. మూడు చక్రాల బండి సంగతి అతనికి బాగా తెలుసు. చదును నేల మీద అది బంగారం. వాలులో మలుపు తిప్పితే మాత్రం పక్కకి ఒరిగి, నడిపేవాడి మీదే పడుతుంది. అలా పడిన బండ్లని అతనే బాగుచేశాడు. నడిపినవాళ్లని బాగుచేయడం ఎవరివల్లా కాలేదు.

కొండ మీది నిమ్మతోట తమ్ముడి వాటా. దారి పొడుగునా వాలూ మలుపులే. తమ్ముడికి పెళ్లీ పెటాకులూ లేవు. 'వాడి తర్వాత...' అనే మాట దగ్గర అన్న ఆలోచన రోజూ ఆగిపోయేది. ఇవాళ ఆగలేదు. నాకోసమా ఏమన్నా, ఎదిగిన కూతురి కోసమేగా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, కొండకైతే ఆ నాలుగు చక్రాలదే..."

"దాని ఇంజను ఆయిలు తాగేస్తోంది. అది చెప్పవేం?" అన్న అడ్డుపడ్డాడు. "అమ్ముడుపోని సరుకు మావాడికి అంటగడదామనుకున్నావా?"

నిజానికి దాని ఇంజను రాయిలా ఉంది. ఇందాకే అన్న చెవి పెట్టి విన్నాడు.

తమ్ముడు ఫోను మాట్లాడుతూ పక్కకి వెళ్లగానే వ్యాపారి గొంతు తగ్గించాడు. "ఏమిటండీ ఇది? సొంత తమ్ముడు కాదా?"

"నీ బండి అమ్ముడుపోవడం నీకిష్టం లేదా?"

వ్యాపారి గుడ్డ తీసుకుని ఎర్రబండి హ్యాండిల్ తుడవసాగాడు.

తమ్ముడు తిరిగొచ్చి సీటు మీద చరిచాడు. "ఇద్దరు కూర్చోవచ్చా అన్నయ్యా?"

"హాయిగా కూర్చోవచ్చు." వెనక బరువు పెరిగేకొద్దీ ముందు చక్రం ఇంకా తొందరగా గాల్లోకి లేస్తుంది. ఆ మాట అన్న లోపలే ఉంచుకున్నాడు.

"హెల్మెట్లు కూడా తీసుకుందామా?"

"కొండ మీద నిన్నాపే పోలీసెవడురా? దండగ."

"నువ్వు చెప్పాక ఇంక ఆలోచనేముంది? ఇదే ఖాయం." తమ్ముడు అమాంతం అన్నని వాటేసుకున్నాడు. "నువ్వు లేకపోతే వీళ్లు నన్ను నిలువునా ముంచేసేవాళ్లు."

'ఆగరా, ఇది వద్దు' అనే మాట అన్న నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

ఎర్రబండిని ట్రక్కులోకి ఎక్కించారు. తమ్ముడు డ్రైవరు చెవిలో ఏదో చెప్పి పంపించి, అన్న భుజం మీద చేయి వేశాడు. "పద, ఇవాళ భోజనం నాది. కాదంటే ఊరుకోను."

హోటల్లో తమ్ముడు కొసరి కొసరి తినిపించాడు. లేవబోతే చేయి పట్టి కూర్చోబెట్టాడు. పనైపోయిన ధీమాతో అన్న కూడా కడుపునిండా తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చాక గానీ అడగలేదు.

"అవునూ, బండి ఎక్కడికి పంపావు? తోట కిందికేనా?"

"మీ ఇంటికి."

మంచినీళ్ల గ్లాసు అన్న నోటి దగ్గరే ఆగింది. "మా ఇంటికెందుకు?"

తమ్ముడి మొహం విచ్చుకుంది. ఇంతసేపూ నవ్వు ఆపుకుంటున్నట్టున్నాడు. "నాకు బండెందుకన్నయ్యా? నా కాళ్లు గట్టివే. పాపం వదినకే మోకాళ్లు పట్టేసి, తోట మొహం చూసి ఎన్నాళ్లయిందో. మన పాపకి స్కూటర్ వచ్చు కదా, డ్రైవరు ఒక్కసారి చూపిస్తే పట్టేస్తుంది. తోట కూడా పాపకే ఇచ్చేస్తానని పొద్దున్నే వదినకి చెప్పేశా. నాకు మాత్రం ఎవరున్నారు, మీరు తప్ప? బండి రాగానే తల్లీ కూతుళ్లిద్దరూ తోట చూసొస్తామన్నారు. నాన్నకి చెప్పొద్దని పాప నాతో ఒట్టు వేయించుకుంది. అందుకే నిన్నిలా కదలనివ్వలేదు."

అన్న జేబులోంచి ఫోను లాగాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు.

"ఏంటన్నయ్యా ఆ చెమటలు? కోపమొచ్చిందా?"

అంతలో తమ్ముడి ఫోనే మోగింది.

"అదిగో, మాటల్లోనే పాప! నూరేళ్లు దానికి" అంటూ అతను సంబరంగా ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అవతలి గొంతు పాపది కాదు, వాళ్లమ్మదీ కాదు.