ఏడు ముక్కల ఆట

కళ్ళజోడు మర మళ్ళీ కిందపడింది.

ఆవగింజంత మర. కళ్ళద్దాల షాపులో పనిచేసే అమ్మాయి నేల మీద మోకరిల్లి వెతుకుతోంది. పొద్దుట్నుంచి ఇది మూడోసారి. చేతులు పనిలో ఉన్నాయి గాని, మనసు కౌంటరు మీద తెరిచి పెట్టిన ఫోనులో ఉంది.

అవతల నిలబడ్డ ముసలావిడ తొందరపెట్టలేదు. జోడు లేని కళ్ళు చికిలించి ఆ ఫోను వంకే చూస్తోంది.

"పేకాటా అమ్మా?" అంది.

అమ్మాయి ఉలిక్కిపడి లేచి ఫోను బోర్లించింది.

"పోకరండీ. నేర్చుకుంటున్నా."

"ఏ పోకరు?"

అది తెలియకే కదా ఈ యాతన.

పెళ్ళయి పదకొండు నెలలు. రిజిస్టరు పెళ్ళి. అత్తింటి వైపు నుంచి ఒక్కరూ రాలేదు. మామగారు కొడుకుతోనే మాట మానేశాడు. అలాంటి మనిషి మొన్న సోమవారం కొడుక్కి ఫోను చేసి, ఆదివారం మధ్యాహ్నాలు తమ ఇంట్లో ఆడే పోకరులో ఒక కుర్చీ ఖాళీ అయిందని చెప్పి, మీ ఆవిడకి ఆడటం వచ్చా అని అడిగాడు. వచ్చు నాన్నా అనేశాడు మొగుడు. పెట్టేశాక నాలిక్కరుచుకున్నాడు. వాళ్ళాడేది ఏ రకమో అతనికీ తెలియదు. ఆట నడిచే గదిలోకి పిల్లల్ని రానిచ్చేవారు కారట.

ఈ ఆదివారం తప్పితే మళ్ళీ పిలుపు ఉండదు.

తీరా చూస్తే పోకరు ఒకటా? చేతికి రెండు ముక్కలిచ్చి, మధ్యలో అయిదు అందరికీ ఉమ్మడిగా పరిచేది టెక్సాస్ హోల్డెమ్. చేతికి నాలుగిచ్చేది ఒమాహా. మనిషికి ఏడేసి పంచి, మధ్యలో ఏమీ వేయనిది స్టడ్. ఉన్నవి మూడు సాయంత్రాలు. ఒక్కటి ఒంటబట్టినా గొప్పే.

ముక్కూ మొహం తెలియని మనిషికి ఇదంతా ఎందుకు చెప్పుకుందో ఆ అమ్మాయికే తెలియదు. గొంతు దాకా నిండిన దిగులు అడిగిన వాళ్ళ ముందు ఒలికిపోయింది, అంతే.

ముసలావిడ ఓపిగ్గా విన్నది.

"వాళ్ళేం ఆడతారో అడక్కపోయారా?"

"వచ్చని చెప్పేశాక ఎలా అడుగుతామండీ?"

"రాదని చెప్పు. ఆదివారం దాకా టైముందిగా."

అమ్మాయి మళ్ళీ వంగి వెతికింది. మర దొరికింది. బిగించి, గుడ్డతో తుడిచి, జోడు చేతికిచ్చింది.

ముసలావిడ జోడు పెట్టుకుని ఆమెను నిదానంగా చూసింది.

"ముందు ఏడు ముక్కలది నేర్చుకో తల్లీ. పాతవాళ్ళు ఆడేది అదే. నా సంచిలో పేక ఉంది. షాపు మూసే వేళకి రోజూ వస్తాను, నేర్పుతాను."

సంచిలో పేక పెట్టుకు తిరిగే ఆడమనిషి. అమ్మాయి వెనక్కి తగ్గింది. ఈవిడతో కూర్చుని ఎవరి కంటనన్నా పడితే, ఆ మాట మామగారి చెవిన పడితే? కుదరదండీ అని తలెత్తకుండా చెప్పి, బెంచీ మీద వంతు కోసం కూర్చున్న వాళ్ళను పిలిచింది.

ముసలావిడ ఇంకో మాట అనబోయి ఆగింది. మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వెనక గదిలో అద్దాలు అరగదీసే పెద్దమనిషిని అందరూ ప్రొఫెసరంటారు. ఆయనకు తెలియని సంగతి లేదు. అడిగితే, లోకమంతా హోల్డెమే ఆడుతోందనీ, ముసలమ్మ మాట వింటే నట్టేట మునుగుతావనీ తేల్చేశాడు.

మూడు సాయంత్రాలూ మంచం మీద మొగుడు పంచాడు, ఆమె ఆడింది. కళ్ళు మూసుకున్నా మధ్యలో పరిచిన అయిదు ముక్కలే.

ఆదివారం వచ్చింది. గుండ్రటి బల్ల, ఏడు కుర్చీలు. మామగారు, మరో అయిదుగురు నెరిసిన తలలవాళ్ళు. మామగారు నోరు విప్పకుండా ఖాళీ కుర్చీ చూపించాడు. పందెం చొక్కా గుండీలు.

ఒకాయన ముక్కలు పంచాడు. రెండు బోర్లా, మూడోది వెల్లకిలా.

పంచడంలో పొరపాటు పడ్డాడేమో అనుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. నాలుగోదీ వెల్లకిలాగే వచ్చి పడింది. ఆమె వంతు వచ్చింది. ఆరుగురూ చూస్తున్నారు. ఆమె బల్ల నడుమ ఉత్త గుడ్డ వంక చూస్తోంది.

"మధ్యలో ముక్కలు ఎప్పుడు వేస్తారండీ?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అమ్మాయి ముక్కలు కింద పెట్టేసింది.

"నాకీ ఆట రాదు మామయ్యగారూ. వేరేది నేర్చుకొచ్చాను. అదీ అంతంత మాత్రమే. వచ్చని చెప్పడం మా తప్పు." కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"కూర్చో."

పదకొండు నెలల్లో ఆయన ఆమెతో అన్న మొదటి మాట.

"నీకు రాదని గురువారమే తెలుసు. మీ షాపుకి వచ్చి మర బిగించుకుని వెళ్ళి, మా అక్క చెప్పింది. పిల్ల బెదిరిపోయి ఉంది, కసరకుండా మీరే నేర్పండి అంది." ఆయన ముక్కలన్నీ పోగుచేసి మళ్ళీ కలపసాగాడు.

ఆవిడ ఎక్కడున్నారండీ, ఒకసారి చూడాలి అని అడిగింది అమ్మాయి.

"పొద్దున్న బండికే కూతురి ఊరు వెళ్ళిపోయింది. ఇక్కడుంటే చేతులు ఊరుకోవంది" అన్నాడాయన, ముక్కల మీంచి చూపు తిప్పకుండా. "ఎనిమిదో మనిషి కూర్చుంటే ఏడేసి ముక్కల ఈ ఆటకి పేక చాలదు; మా అందరికీ ఆట నేర్పి ముప్పై ఏళ్ళు తను కూర్చున్న కుర్చీ అది, నువ్వీ ఇంట్లోకి రావాలని ఖాళీ చేసి ఇచ్చింది."