పది మీటింగుల మినిట్స్

“అన్నీ ఒకే పెన్నుతో రాయొద్దప్పా. ఐదేళ్లు ఒకే పెన్ను వాడినామంటే ఎవరు నమ్ముతారు?” అంటూ ప్రిన్సిపాల్ రాజగోపాల్ గుప్పెడు పెన్నులు తెచ్చి బల్ల మీద పోశాడు.

వర్తూరు చెరువు దాటాక ఉన్న ఆ ఆర్ట్స్ కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి గురువారం కమిటీ వస్తోంది. పాలకమండలి ఏడాదికి రెండుసార్లు కూర్చుని కాలేజీ మంచిచెడ్డలు మాట్లాడినట్టు, ఐదేళ్లకు పది మీటింగుల మినిట్స్ చూపించాలి. పాలకమండలి ఒక్కసారి కూర్చుంటే ఒట్టు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం మన కాలేజీలకు కొత్తేమీ కాదు కనుక, ఆ పలుగు చరిత్ర లెక్చరర్ గురప్ప చేతికి వచ్చింది. జరిగింది ఎవరైనా రాస్తారు, జరగనిది రాయడానికే చరిత్ర చదివినవాడు కావాలని రాజగోపాల్ వేళాకోళమాడాడు. గురప్ప నవ్వలేదు. కొన్నేళ్లుగా అతనికి నవ్వూ రాదు, కోపమూ రాదు. చెప్పిన పని చేస్తాడు, ఆకలైతే తింటాడు, అంతే.

పాలకమండలిలో ఎవరెవరుండాలో ఐదేళ్ల కిందట యూనివర్సిటీకి పంపిన జాబితాయే ఇప్పటికీ జాబితా. మీటింగే లేనప్పుడు దాన్ని ఎవరు మారుస్తారు? ఇప్పుడు మారుద్దామన్నా గడువు దాటిపోయింది. అందులో అధ్యాపకుల ప్రతినిధి పేరు దగ్గరికి వచ్చేసరికి రాజగోపాల్ వేలు ఆగింది. సత్యభామ. తత్త్వశాస్త్రం లెక్చరర్, గురప్ప భార్య.

“ఆమె మీటింగులకు వచ్చినట్టు రాయల్లంటే...” అని నసిగాడు. “నీకు కష్టమయితే నేనే రాస్తాలేప్పా.”

“కష్టమేముంది సార్? మిగిలినవాళ్లు మాత్రం వచ్చినారా?”

మూడు మధ్యాహ్నాలు లైబ్రరీ వెనక గదిలో కూర్చుని రాశాడు. మొదటి రెండు మీటింగులూ సాఫీగా సాగిపోయాయి. ఏడుగురు సభ్యులూ గంగిరెద్దుల్లా తలలూపారు, తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా గట్టెక్కాయి. మూడోదాంట్లో లైబ్రరీ వేళలు తగ్గించే తీర్మానం వచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది. దీనికి సత్యభామ ఊకొట్టడమా? పెనం మీద దోసె తిరగేస్తూ కూడా ‘ఎందుకట?’ అని అడిగే మనిషి! ‘సత్యభామ అభ్యంతరం తెలిపారు’ అని రాశాడు. రాశాక ఇంక ఆపుకోవడం చేతకాలేదు. ఆమె ఎక్కడ విసుక్కుంటుందో, ఎక్కడ మెత్తబడుతుందో అతనికి కంఠతా వచ్చు. సంతకం కూడా అచ్చు ఆమెదే వచ్చింది.

పదో మీటింగుకు ఎజెండా కాలేజీని నడిపే ట్రస్టు నుంచే చీటీ రూపంలో వచ్చింది. తత్త్వశాస్త్రం డిపార్ట్‌మెంటు మూసేసి ఆ గదుల్లో కంప్యూటర్ ల్యాబు పెట్టాలి, మండలి ఒప్పుకున్నట్టు రాయాలి. ఇరవై ఏళ్ల కిందట సత్యభామ కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్న డిపార్ట్‌మెంటు అది. ఆమె కాలేజీకి రావడం మానేశాక, ఆమె దగ్గరే చదువుకున్న చైత్ర పదకొండు మంది పిల్లలతో ఒంటరిగా ఈడ్చుకొస్తోంది. మూసేస్తే జూన్ నుంచి చైత్రకు ఉద్యోగం ఉండదు, సత్యభామ చేసిన పనికి ఆనవాలు మిగలదు. అన్నాళ్లుగా మొద్దుబారిపోయిన గురప్పకు ఆ చీటీ చూశాక నొప్పి తెలిసింది. నొప్పి తెలిసినందుకు అతనే ఆశ్చర్యపోయాడు.

సత్యభామ చేత రెండు పేజీలు మాట్లాడించాడు. ఈ నిర్ణయం ఎవరు చేశారో ఆమె అడిగింది. పిల్లల్ని అడిగారా, చైత్రను అడిగారా అని నిలదీసింది. అడగడం నేర్పే చదువును ఎవరినీ అడక్కుండా మూసేస్తారా అంది. చివర్లో ‘తీర్మానం వీగిపోయింది’ అని రాసి గురప్ప పుస్తకం మూశాడు. రాజగోపాల్ పదిచోట్లా చదవకుండానే సంతకాలు గీకేశాడు. జరగని మీటింగులో ఏం జరిగిందో చదివే ఓపిక ఎవరికుంటుంది?

కమిటీ పెద్ద మునిస్వామికి ఉంది. అనంతపురం వైపునుంచి వచ్చిన ముసలి ప్రొఫెసరాయన. మిగతా ఇద్దరూ భోజనానికి లేచినా ఆయన మినిట్స్ పుస్తకం వదల్లేదు. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఆ రెండు పేజీలూ పైకి చదివాడు. రాజగోపాల్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

నలభై కాలేజీల పుస్తకాలు చూశాననీ, అన్నిట్లోనూ ఏకగ్రీవమేననీ, ఒక మనిషి కాదంటే ఆగిన మండలిని ఇక్కడే చూశాననీ మునిస్వామి అన్నాడు. పాలన బాగుందని రాస్తున్నానన్నాడు. ఈ డిపార్ట్‌మెంటును ముట్టుకోకూడదన్న షరతు మీదే మంచి గ్రేడుకు సిఫారసు చేస్తున్నానన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ చైత్ర చున్నీతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. గురప్పకు గుండె నిండింది, ఆ సంగతి చెప్పుకోవడానికి పక్కకు తిరగబోయి మళ్లీ సర్దుకు కూర్చున్నాడు.

“ఈ సత్యభామగారిని ఒకసారి పిలిపించండి, చూడల్ల” అన్నాడు మునిస్వామి.

రాజగోపాల్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“ఇప్పుడు కాలేజీకి రావడం లేదు సార్” అన్నాడు గురప్ప. “మా ఇంటామెనే.”

“అట్లనా? అయితే నా మాటగా చెప్పండి. ఐదేళ్లుగా ఆ మీటింగుల్లో ప్రాణమున్న మనిషి ఆమె ఒక్కతే.”

“చెప్తాను సార్” అన్నాడు గురప్ప.

మొదటి మీటింగు తేదీకి నెల ముందే సత్యభామ చనిపోయింది.