పేరు చెప్పని ఇల్లు

"ఈ బియ్యం మీ కోళ్లకు ఏసుకో పటేలా!" అంటూ రాములమ్మ చాటను అరుగు మీద ఠపీమని పెట్టింది. "పురుగులు పాకుతున్నయి. మనుషులు తినేటియేనా ఇవి?"

జనార్ధన్ పటేల్ బిత్తరపోయాడు. ఎల్బీనగర్‌లో ఈ కాలనీ లేచిందే ఆయన జొన్నచేలు ప్లాట్లయ్యాక. అంతటి మనిషిని ఆయన వాకిట్లోనే నిలబెట్టి కడిగేసినవాళ్లు ఇంతవరకూ లేరు.

"ఊకె ఇస్తుంటే గింత కోపమేందే? నీకు కాదు గదా!"

"నాకైతే ఒక్క గింజ ముట్టకపోదును. ఎవరికోసమో గనకనే అడుగుతున్న. మంచియి తే!"

పటేల్ గొణుక్కుంటూ లోపలికి పోయి, తాము వండుకునే సన్నబియ్యం రెండు శేర్లు తెచ్చి పోశాడు. పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ సుగుణమ్మ తల వంచుకుంది.

వీళ్లది రేకుల షెడ్డులో నడిచే చిన్న చర్చి. ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం విడిగా ముంతలో వేయడం, శనివారం అన్నీ పోగుచేసి లేనివాళ్లకివ్వడం అక్కడి ఆనవాయితీ. ఈసారి పాస్టరయ్య కాలనీ అంతా తిరగమన్నాడు. "మన కాలనీలనే ఒక ఇంట్ల మూణ్నెల్ల సంది సంపాదన లేదు. పేరు చెప్ప. ఆమె మస్తు రోషం మనిషి" అన్నాడు. అది విన్నప్పటి నుంచీ రాములమ్మకు ఒళ్లు మండుతూనే ఉంది. ఇరవై ఆరు ఇళ్లలో ఒక ఇంట్లో పిల్లలు పస్తులుంటే ఇరవై అయిదిళ్లకు పట్టదా? పొద్దున తన ముంత అడుగు దాకా దులిపి, సంచిలో మొదటి బియ్యం పోసింది తనే.

తర్వాతి ఇల్లు సీతామహాలక్ష్మిది. గుంటూరు నుంచి వచ్చి నిరుడే గృహప్రవేశం చేసుకున్నారు. రాములమ్మ ఆ గడప తొక్కడం ఇదే మొదలు. ఆవిడ ఇద్దరినీ లోపలికి పిలిచి, కుర్చీలు వేసి, ఉప్మా పెట్టింది.

"తినొచ్చినమమ్మా" అంది రాములమ్మ ప్లేటు వంక చూడకుండా.

"మీ ఇల్లు నీళ్ల ట్యాంకరు ఆగే చోటే కదండీ? మీ పిల్లలు కందిపప్పు తింటారా, పెసరపప్పా?"

"నా పిల్లల ముచ్చట మీకెందుకమ్మా? ఇచ్చేది వేరేవాళ్లకు."

"ఊరికే అడిగాను లెండి. మొన్న మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో మీవారు ఖాళీగా కూర్చుని కనిపించారు..."

"డ్యూటీ మారింది." రాములమ్మ దిగ్గున లేచింది.

సీతామహాలక్ష్మి కందిపప్పు, నూనె డబ్బా తెచ్చి సంచిలో సర్దింది. బియ్యం మీద చింతపండు ఉండ కూడా పెట్టింది.

వీధిలోకి రాగానే రాములమ్మ నోరు మళ్లీ లేచింది.

"ఇచ్చేది పిడికెడు, అడిగేది పుట్టెడు! అసలు వీళ్లను కాదు, ఆమెననాలె సుగుణా. పిల్లల కడుపులు మాడ్చుకుంట ఏం రోషమే అది? ఒక్క మాట చెప్తే నెత్తి మీది కిరీటం కిందపడ్తదా?"

"నువ్వైతే చెప్తువా అక్కా?"

"నా సంగతెందుకు ఇప్పుడు? నడువు, ఇంకా పద్దెనిమిదిండ్లున్నయి."

సాయంత్రానికి రెండు గోనెసంచులు నిండాయి. పాస్టరయ్య వాటిని రిక్షాలో వేయించి, రిక్షా అతనికి ఇంటి గుర్తు చెవిలో చెప్పాడు. తర్వాత రాములమ్మ వైపు తిరిగాడు.

"ఆమె తీసుకోనంటే ఏం జేస్తవమ్మా?"

"ఎట్ల తీసుకోదు? ఇది బిచ్చమా? ఇరుగుపొరుగు ఇచ్చిన తిండి. పొద్దుందాక నలుగురితోని కొట్లాడి తెచ్చిన. వద్దంటే నేనే లోపలికి పోయి ఆమె కుండల పోసొస్త. ఒట్టు!"

"ఒట్లు వద్దు తల్లీ. మాట చాలు. ఆ మాట మీద ఉండు."

రిక్షా కదిలింది. వెనక సంచి జారకుండా పట్టుకుని రాములమ్మ, ఆమె పక్కన సుగుణమ్మ నడిచారు. పటేల్ ఇల్లు దాటింది. సీతామహాలక్ష్మి ఇల్లు దాటింది. గుంతల రోడ్డులో రిక్షా ఊగుతున్న కొద్దీ రాములమ్మ కోపం పెరిగింది.

"ఇయ్యాల ఆమె మొహం మీదనే అడుగుత. పిల్లల కంటె నీ పరువు ఎక్కువనా అని అడగకపోతే నా పేరు రాములమ్మనే కాదు!"

సుగుణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. రిక్షా నీళ్ల ట్యాంకరు ఆగే మలుపు తిరిగింది.

రిక్షా ఆగింది రాములమ్మ ఇంటి ముందే.