సింహాలు పంపని నొప్పి

కీళ్లవాతం ఉన్న ఆ ఆరుగురు ఆడవాళ్లవీ ఆరు ఊళ్లు. ఫోన్లో తప్ప ఒకరినొకరు చూసుకోలేదు. నాట్లప్పుడు ఒకరి మడికి ఒకరు బదులు వెళ్లినట్టే, ఒకరు చేతి గాజు నొక్కితే ఆ నొప్పిని ఇంకొకరు పూటకింతని మోస్తారు. మూడు రోజులు నొప్పి పంపకపోతే నయమైనట్టే లెక్క. ఆ గాజును గుంపులోంచి తీసేస్తారు.

వాళ్లలో సింహాలు నొప్పి పంపక ఇది మూడో రోజు. ఇవాళ ఆమె నొప్పి మోయవలసిన వంతు నూకరత్నానిది. నూకరత్నం చారుకు పోపు వేస్తూనే ఫోన్ చేసింది.

“ఏటి వదినా, కాళ్లు కుదుటపడ్డాయా?”

“బాగానే ఉన్నానమ్మా.”

“మరి ఇంత పొద్దెక్కినా నీ కోళ్లు గూట్లోంచే అరుస్తున్నాయేటి?”

“నీకివేళ నాట్లు కదమ్మా. బురదలోకి ఎలాగ దిగుతావని...”

“మడి ఎక్కడికీ పారిపోదు. మొన్న నా నొప్పి నువ్వు మొయ్యలేదేటి? నా బదులు నన్ను తీర్చుకోనియ్యవా? నొక్కు!”

నూకరత్నం మోకాళ్లు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. గరిటె పక్కన పెట్టి, గోడ పట్టుకుని పీట మీద కూలబడింది.

ఫోన్లో గూటి తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటనే కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తిన చప్పుడు వినిపించాయి.