ఇద్దరికీ ఒకే జాకెట్టు

"కాలిన్‌ను చలికి బలిచ్చింది నువ్వే, రాల్ఫ్!"

కొండల రిలేలో జంటగా పరుగెత్తాల్సిన అంచె నుంచి హిల్డా అలా అరుస్తూ, జతగాడు కాలిన్ లేకుండా ఒంటరిగా దిగివచ్చింది. రాతిగోడ దగ్గర కాచుకున్న మా క్లబ్బు కెప్టెన్ రాల్ఫ్ ఆ నింద పట్టించుకోకుండా చిరాకుపడ్డాడు.

"ఆ నత్త ఏడీ? ఇద్దరూ వస్తేనేగా తర్వాతి జంటను పంపేది!"

"బ్లాక్‌రిగ్ కొండ మీద కాలు విరిగి పడున్నాడు. చలికి వణికే శక్తి కూడా పోయింది."

రాల్ఫ్ గోడ వదిలి ఆమె వైపు వచ్చాడు.

"వాన జాకెట్టు తొడుక్కోలేదా?"

"ఎక్కడిది? మనిషికొకటి ఉండాలన్నది నియమమైనా, బరువు తగ్గుతుందని ఒకే జాకెట్టును ఇద్దరి సంచుల్లోకీ మార్చి తనిఖీలో చూపించమన్నది ఎవరు? నా సంచిలోని ఆ ఒక్కటీ వాడికి తొడిగి, సాయం కోసం దిగొచ్చా."

తడి బనీనులో ఆమె చేతులు నీలం తిరిగాయి. తర్వాతి జంటగా నిలబడ్డ నేనూ ఓవెనూ మా సంచులు తడుముకున్నాం. మా ఇద్దరికీ కలిపి ఉన్నదీ ఒక్కటే.

"మెల్లగా, తల్లీ," అన్నాడు రాల్ఫ్. "అధికారులు వింటే క్లబ్బును వెలేస్తారు."

"విననీ! ముందు పోటీ ఆపించు. కొండ సహాయ దళాన్ని పిలువు. నీ ఒంటిమీది ఆ దళసరి కోటు విప్పి వాడికి పట్టుకెళ్లు. ఇంకెవర్నో పంపడం కాదు, నువ్వే వెళ్లాలి. ఇప్పుడే!"