ఐదింటి ఈల

“బకెట్టెందుకు మామ్మగారూ?”

“నీళ్లకి.”

“చీపురు?”

“ఊడవడానికి. మీ ఇంట్లో చీపురుతో ఇంకేం చేస్తారు?”

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. రిక్సన్‌కి నవ్వు రాలేదు. కోరో ఊరి బయట ఇసుక దిబ్బల పార్కులో టికెట్ల కిటికీ దగ్గర చేరి అతనికి రెండు నెలలే అయింది. ఆదివారం రావాలనుకునేవాళ్లు గురువారమే కాగితం నింపాలన్నది కొత్త రూలు. అందరూ పేరు, సామాను రాసేసి రెండు నిమిషాల్లో వెళ్లిపోతున్నారు. ఈ దొమితీలా మామ్మ మాత్రం పావుగంట నుంచి కిటికీ పట్టుకుని వేలాడుతోంది.

వెనకనున్న బట్టతలాయన ఊరుకోలేదు. “ఎడారంతా ఊడ్చేస్తే మా పిల్లలు దేనిమీద జారాలి మామ్మా?”

“నీ నెత్తిమీద జారమను. నున్నగా ఉంది.”

ఈసారి రిక్సన్ కూడా నవ్వు ఆపుకోలేక తల వంచి కాగితం చూశాడు.

“ఊయల ఎందుకు? అక్కడ కట్టుకోవడానికి చెట్టు కూడా లేదు.”

“ఎక్కడ కట్టుకోవాలో నాకు తెలుసు.”

“కాఫీ గిన్నె, అరేపా రొట్టెల పిండి, మేకపాల కోవా... ఈ నూనె? మోకాళ్లకా?”

“తుప్పు పట్టినదానికి.”

రిక్సన్ జాలిగా తలాడించాడు. “సరే. ఎక్కడ కూర్చుంటారు?”

“మూడో హద్దు స్తంభం అవతల.”

“అక్కడేముంది? ఫోటోలకి మొదటి దిబ్బే బావుంటుంది.”

“ఫోటో నువ్వు దిగు. నేను మూడో స్తంభం దాటాలి.”

“దిబ్బలు గాలికి ఏటా అటు జరుగుతున్నాయి. సోమవారం నుంచి ఆ వైపంతా కంచె వేసేస్తున్నారు.”

“తెలుసు. ఈ ఆదివారం కాకపోతే నేను చచ్చేదాకా ఇక లేదు. అందుకే వచ్చాను. రాసుకో.”

ఆ గొంతులో బతిమాలడం లేదు. అదే అతనికి ఒళ్లు మండించింది. ఏదైనా అభ్యంతరం దొరుకుతుందేమోనని పాత రిజిస్టరు తీశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా, ఏటా ఒకసారి, దొమితీలా పేరు ఉంది. పక్క గడిలో ముందున్న గుమాస్తా రాత: “అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. ఎవరికీ హాని లేదు.”

“ఈసారి కూడా అడుగులేనా?”

“లెక్కపెట్టడం అయిపోయింది.”

“రూల్స్ వినండి మరి. మంట వెయ్యకూడదు.”

“ఆరుబయట వెయ్యను.”

“ఇసుక తీసుకెళ్లకూడదు.”

“నువ్వు మోసి తెచ్చిచ్చినా నాకొద్దు. నేను చూసిన ఇసుక చాలు.”

“ఐదింటికి ఈల వేస్తాం. పార్కు హద్దుల్లో ఇల్లున్నవాళ్లు తప్ప అందరూ బయటికి రావాలి.”

“ఇల్లున్నవాళ్లు తప్పా?”

“పాత రూలు, అలా ఉండిపోయింది. అక్కడ మేకలు తప్ప ఎవరున్నారు?”

“ఆ రూల్స్ కాపీ ఒకటి ఇవ్వు. ముద్ర వేసి.”

“ఎందుకండీ?”

“మతిమరుపు నాకు కాదు, మీకు.”

ఆమె పోరు పడలేక ముద్ర వేసి ఇచ్చాడు. మామ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

ఆదివారం పొద్దున గేటు తీయకముందే వచ్చి నిలబడింది. బకెట్టు పట్టుకుంటానంటే రిక్సన్‌కి ఇవ్వలేదు. భుజాన చీపురు, వీపున మూట వేసుకుని, ఒక్కసారైనా ఆగకుండా మూడో స్తంభం వైపు నడిచింది. గాలి ఆమె పావడాని లాగుతుంటే దాన్ని కూడా ఏదో తిట్టింది.

ఐదింటికి రిక్సన్ ఈల వేశాడు. జారడానికి తెచ్చిన అట్టముక్కలతో పిల్లలు, చెప్పుల్లో ఇసుక దులుపుకునే ఆడవాళ్లు, అందరూ బయటికొచ్చారు. లెక్కలో ఒకరు తక్కువ.

“నీ చీపురు మామ్మేగా?” అన్నాడు బట్టతలాయన. “పొద్దుటి నుంచి ఒకే చోట ఊడుస్తోంది. నేను కేకేస్తే పని చూసుకోమంది.”

రిక్సన్ పళ్లు నూరుకుంటూ బయల్దేరాడు. ఇవాళ మొహమాటపడకూడదు, రెక్క పట్టుకునైనా తీసుకురావాలి అనుకున్నాడు. మూడో స్తంభం దాటి అతను ఎప్పుడూ వెళ్లలేదు. పెద్ద దిబ్బ ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. దిగే పొద్దు సూటిగా కళ్లలో కొడుతోంది. కింద నుంచి చీపురు చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

“మామ్మగారూ, ఈల వినపడలేదా?”

“వినపడింది. చెవుడు కూడా నాకు అంటగడతావా?”

“మరి రారేం?”

“నీ ముద్ర ఉన్న కాగితం ఇదిగో. దిగొచ్చి చదువుకో.”

“ముద్ర వేసింది నేనే కదండీ. రేపు కంచె వేస్తారు. మీకేమన్నా అయితే నా ఉద్యోగం పోతుంది. దయచేసి రండి.”

చీపురు చప్పుడు ఆగింది.

“ముప్పై ఒక్క ఏళ్లు ఈ దిబ్బతో పంతం పట్టినదాన్ని. అదే ఓడిపోయి పక్కకి జరిగింది. నీ ఈలకి నేను జరుగుతానా?”

రిక్సన్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని జారుతూ కిందికి దిగాడు. మామ్మ నూనె సీసా మూత బిగించి, మెడలోని తాడుకున్న తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

ముప్పై ఒక్క ఏళ్లకి ఇసుకలోంచి బయటపడిన తన ఇంటి తలుపు తెరిచి లోపలికి వెళ్లింది.