మూడో క్లారినెట్

చిత్రకారుడు బ్రష్ పక్కన పడేసి కుర్చీలో కూలబడ్డాడు. ముప్ఫై ఏళ్లుగా పెళ్లి బ్యాండువాళ్ల బొమ్మలే వేస్తున్నాడు. ప్రతి బొమ్మలోనూ మూడో క్లారినెట్ మాత్రం ఒకే మనిషిది.

బొమ్మ కోసం పొద్దున్నుంచీ యూనిఫాంలో కూర్చున్న ముసలి బ్యాండు మాస్టారు నడుం పట్టుకుని లేచొచ్చి చూశాడు.

"అందరూ బాగా కుదిరారు సార్. ఈ మూడో క్లారినెట్టాయనొక్కడే ఊదట్లేదు. డమ్మీ."

"డమ్మీ ఏంటి?"

"వాయించడం రాదు. బ్యాండు నిండుగా కనపడాలని కోటు తొడిగి నిలబెడతాం. వేళ్లు చూడండి, ఒక్క కన్నం మీదా లేవు."

ఆ వేళ్లు పాత ఫొటో చూసి వేసినవి. చిత్రకారుడు లేచి బొమ్మ దగ్గరికొచ్చాడు.

"ఆయన మా నాన్న. ఇంటికొచ్చాక ఒక్క పాట వాయించు నాన్నా అంటే, ఊపిరంతా ఊరేగింపులోనే అయిపోయిందిరా అనేవాడు. అంతా అబద్ధమన్నమాట."

రంగు తుడిచే గుడ్డ అందుకున్నాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అబద్ధం కాదు సార్. మేం మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. డమ్మీ ఆగితే దొరికిపోతాడు. దారి పొడుగునా బుగ్గలు ఉబ్బించుకునే నడవాలి."